ఒకే ఫోన్ నుంచి వచ్చిన జవాబులు

మీ ఫోన్‌కి వచ్చే సర్వే లింకుల్ని మీరు నొక్కరని నాకు తెలుసు. నేనూ నొక్కను. ఉద్యోగం చివరి ఏళ్లలో ఆ లింకులు పంపించడమే నా పని. రిటైరయ్యాక మాత్రం ఒక్కదాన్నీ తెరవలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, సర్వేకి సరైన మనుషుల్ని పట్టుకోవడం ఎలా?" అని అడుగుతుంటారు. పట్టుకోవడం అంత కష్టమేం కాదర్రా, పట్టుకున్నాక ఏమవుతుందో చెప్తాను వినండి. ధైర్యం చెప్పే కథ కాదిది. ధైర్యం కావలసినవాళ్లు ఇక్కడితో ఆపేసి వేరే ఏదైనా చదువుకోండి.

మాది కోస్తా. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక, అట్టకి కాగితాలు క్లిప్పు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సబ్బుల గురించీ టీ పొడి గురించీ అడిగే ఉద్యోగంలో చేరాను. కుక్కలు తరిమాయి, ముసలమ్మలు మజ్జిగ ఇచ్చారు, మగవాళ్లు తలుపు మొహాన వేశారు. కానీ ఎదురుగా మనిషి ఉండేవాడు. కోతలు కోస్తుంటే మొహం చూస్తే తెలిసిపోయేది. తర్వాత కంపెనీ మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులోకి మారింది, అట్టలూ క్లిప్పులూ స్టోర్ రూములోకి పోయాయి, అంతా ఆన్‌లైన్ అయింది. నాకు ఏసీ గదిలో కుర్చీ ఇచ్చి, ఇక మీరు ఎండలో తిరగక్కర్లేదు మేడం అన్నారు. సంతోషించాను కూడా, అబద్ధమెందుకు.

ఆన్‌లైన్‌లో మనుషులు 'ప్యానెల్' నుంచి వస్తారు. అంటే సర్వేలకు జవాబులిస్తామని ముందే పేరు రాయించుకున్న జనం. జవాబిచ్చినప్పుడల్లా పాయింట్లు, పాయింట్లు పోగైతే కూపన్లు. ఇక చూస్కోండి. ట్రాక్టరున్న రైతులు కావాలంటే అందరికీ ట్రాక్టరుంటుంది. బాలింతలు కావాలంటే అమీర్‌పేట హాస్టల్లో గెడ్డం పెంచుకున్న కుర్రాడు కూడా బాలింతే. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసినా పైకి ఎవరూ అనరు, ఎందుకంటే లెక్కకి మనుషులు నిండాలి, రిపోర్టు పోవాలి.

నా చివరి పెద్ద పని నానక్‌రామ్‌గూడలోని కొన్ని టవర్ల గురించి. ఆ టవర్ల బాగోగులు చూసే కంపెనీవాళ్లు తమ బస్సుల మీద సర్వే చేయమన్నారు. ఇంటి నుంచి పని అలవాటైపోయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బస్సులు సగం ఖాళీగా నడుస్తున్నాయి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, ఇదీ ప్రశ్న. వాటిలో ఒక బస్సు సాఫ్ట్‌వేర్ వాళ్లది కాదు. తెల్లవారుజామున బాచుపల్లిలో బయల్దేరి చందానగర్ మీదుగా వచ్చే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ల బస్సు. ఉద్యోగులు వచ్చేలోపు అంతస్తులన్నీ ఊడ్చి తుడవాలి కాబట్టి ఎప్పుడో వేశారు. ఆ బస్సులో వచ్చే ఆడవాళ్ల జవాబులు కూడా కావాలన్నారు. అయితే ఆన్‌లైన్‌లోనే కావాలన్నారు. కాగితం మీద అయితే సర్వేకి తిరిగే మా పిల్లలు ఇంట్లో కూర్చుని రాసేస్తారని అనుమానమట. నాకు ఒళ్లు మండింది.

వాళ్ల కాంట్రాక్టరు దగ్గర ఫోన్ నంబర్లు తీసుకుని లింకు పంపించాం. ఒక్కరూ తెరవలేదు. సరే, ఫోన్ చేద్దామని నేనే మొదలుపెట్టాను. అన్నీ మొగుళ్ల నంబర్లు, కొడుకుల నంబర్లు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంట్లో ఏ నంబరుంటే అది ఇచ్చారు పాపం.

"ఎవరు నువ్వు? మా ఆడోళ్లతోని నీకేం పని?" అన్నాడు ఒకాయన.

"సర్వే అండి, బస్సు గురించి. ఒక లింకు వచ్చి ఉంటుంది చూడండి."

"లింకు నొక్కితే పైసలు పోతయని టీవీల చెప్తుండ్రు. నన్ను బేవకూఫ్ అనుకున్నవా?" అని పెట్టేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు.

పోనీ టవర్ల దగ్గరే పట్టుకుందామంటే, డ్యూటీ ఎక్కగానే వాళ్ల ఫోన్లు గేటు దగ్గర సెక్యూరిటీకి అప్పజెప్పాలి. దిగేటప్పుడే తిరిగిస్తారు. మా లెక్కల షీటులో ఆ ఆడవాళ్ల వరస ఖాళీగానే ఉండిపోయింది. మా మేనేజరు, నా కొడుకు వయసువాడు, "వదిలేయండి మేడం, ఆ కోటా ప్యానెల్ నుంచి ఫిల్ చేసేద్దాం" అన్నాడు.

"ఏ ప్యానెల్ నాయనా? తుడుపుగుడ్డ ఎప్పుడైనా పట్టుకున్నవాడు ఉన్నాడా మన ప్యానెల్లో?" అన్నాను. నా నోరు కాస్త దురుసు. ఆ నోటి వల్లే ప్రమోషన్లు రాలేదని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

మిగిలింది బస్సే. నా ఇల్లు చందానగర్ మార్కెట్ వెనకాలే. ఒకరోజు పొద్దున్నే స్వెటర్ వేసుకుని స్టాపులో నిలబడ్డాను. అక్కడ కలిసింది లీడరక్క. అసలు పేరు వేరే ఉంది, రాయను. నలభై దాటిన మనిషి, పాలమూరు వైపు నుంచి వచ్చి చందానగర్‌లో కిరాయికి ఉంటోంది. ఎవరు రాలేదో చూడటం, రానివాళ్ల కోసం డ్రైవర్‌ని ఇంకో నిమిషం ఆపించడం ఆమె పని. ఎవరూ చెప్పిన పని కాదు, ఆమే పెట్టుకుంది.

"ఏం సర్వే మేడం? రేషన్ కార్డుదా?" అంది.

"కాదమ్మా, ఈ బస్సుది. ఉంచాలా తీసేయాలా అని అడుగుతున్నారు."

నవ్వుతున్న మొహం ఒక్కసారి మారిపోయింది. "తీసేస్తరా? గట్లెట్ల తీసేస్తరు?"

నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఈ బస్సు వేయకముందు షేర్ ఆటోల్లో వచ్చేదట. డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చుని వస్తుంటే ఆటో మలుపులో కుదిపేసి కిందపడింది. పెద్ద దవాఖానలో కాల్లో రాడ్ వేశారు. ఇప్పుడు రెండు ఆటోలు మారి, ఆ ఇరుకులో కాలు మడుచుకుని కూర్చుని రావడం ఆమె వల్ల కాదు.

"పనికాడ ఎవరికి చెప్పలె మేడం. కాలు మంచిగ లేదంటే ఇగ రావొద్దంటరు. తుడుసుడు నిలబడి చేసేదే గదా, చేస్త. గీ బస్సు ఉన్నన్ని దినాలు నా నౌకరి ఉంటది, అంతే" అంది మెల్లగా.

ఆ బస్సులో మంచి ఫోన్లున్నవి తక్కువ. ఉన్నవాళ్లలో చాలామంది పిల్లల చదువుకని ఇంట్లో వదిలి వస్తారు. లీడరక్క దగ్గర మాత్రం పెద్ద తెర ఫోనుంది, నెట్టూ ఉంది. రోజూ ఆ ఫోనే సీటు నుంచి సీటుకి తిరుగుతుందట. ఒకామె ఊళ్లో తల్లిని వీడియోలో చూస్తుంది, ఇంకొకామె భజన పాటలు పెట్టించుకుంటుంది. ఆ రోజు సర్వే కూడా అలాగే తిరిగింది. లింగంపల్లి దాటేసరికి ఫోన్ బస్సు వెనక భాగానికి చేరింది. చదవలేనివాళ్లకి పక్కామె చదివి వినిపించింది, వేలు మాత్రం ఎవరిది వాళ్లే పెట్టారు. పక్కనుండి చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను, నా ఉద్యోగం మొత్తంలో అంత నిజాయితీగా జరిగిన సర్వే ఇంకోటి లేదు.

ప్రశ్నలన్నిటికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. బస్సు శుభ్రత, టైముకి రావడం, సీట్లు, డ్రైవర్ ప్రవర్తన. చివరగా, ఈ బస్సు లేకపోతే మీకు ఎంత ఇబ్బంది అని.

"అవ్వో, డ్రైవర్ గురించి గూడ అడుగుతుండ్రే!" అంది వెనక సీటామె.

డ్రైవర్ అద్దంలోంచి చూసి, "అక్కా, జర మంచిగ వెయ్యుండ్రి. పెండ్లాం పిల్లలున్నోన్ని" అన్నాడు. బస్సంతా నవ్వు.

"ఏందే, సీటు చినిగింది గదా, తక్కువెయ్యనా?" అంది ఇంకొకామె.

"చినిగిందని వేస్తే బస్సే మంచిగ లేదని తీసేస్తరు. ఐదేయ్" అంది లీడరక్క.

ఇక అందరూ అన్నిటికీ ఐదే. చినిగిన సీటుకి ఐదు, చలిగాలి కొట్టే కిటికీకి ఐదు, డ్రైవర్‌కి ఐదు. బస్సు లేకపోతే ఇబ్బంది ఎంత అన్నదానికీ ఐదే. ఆ ఆఖరి ఐదు మాత్రం గుండెల్లోంచి వేసింది. అన్నిటికీ ఐదే వేస్తే దొంగ జవాబుల్లా కనిపిస్తాయని చెప్పడానికి నాకు నాలుక దురద పెట్టింది. కానీ అడిగేవాళ్లు జవాబు అందించకూడదని ఈ పనిలో మొదటి రోజే నేర్పిస్తారు. "మీకు తోచింది వేయండమ్మా" అని ఊరుకున్నాను.

ఆఫీసుకి రాగానే, జవాబుల్ని వడకట్టే పని చూసే వేరే ఊరి కంపెనీకి మెయిల్ రాశాను. ఈ ఆడవాళ్లందరూ ఒకే ఫోన్‌లో జవాబిచ్చారు, నేను స్వయంగా దగ్గరుండి చూశాను, తీసేయొద్దు అని. మా టీములో డేటా చూసే అమ్మాయి కూడా విడిగా ఇంకో మెయిల్ పెట్టింది. 'నోటెడ్' అని ఒక్క మాట జవాబొచ్చింది. ఆ మాటని నమ్మి ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

రిపోర్టు తయారయ్యాక, మీటింగుకి ముందు రోజు చూశాను. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లలో ఎక్కువమందికి బస్సు అక్కర్లేదట! చాలామందికి సొంత బండ్లున్నాయట. ఒకావిడ రాసిన సలహా చదివి నా కళ్లు తిరిగాయి: "బస్సు చాలా స్లో. బదులుగా క్యాబ్ బిల్లులు రీయింబర్స్ చేస్తే బాగుంటుంది." చీపురు పట్టే ఆవిడ రాసిందట ఇది!

డేటా చూసే అమ్మాయిని పిలిచాను. ఆమెకి అప్పటికే మొహంలో నెత్తురు లేదు.

"మేడం, మనవాళ్లయి అన్నీ తీసేసిన్రు. ఒకటే ఫోన్, అన్నిటికి ఐదులు. సిస్టమ్ ఫ్రాడ్ అని మార్క్ చేసింది. ఖాళీ అయినంత ప్యానెల్ నుంచి నింపిన్రు."

"ఫ్రాడా? వాళ్లా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చుట్టుపక్కల తలలన్నీ లేచాయి.

మేనేజరు గది తలుపు కొట్టకుండా లోపలికెళ్లాను. అతను చెడ్డవాడు కాదు, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అంతా విన్నాడు. మొహం రుద్దుకున్నాడు.

"మేడం, డేటా క్వాలిటీ చెక్ పాసైందని సంతకం పెట్టి పంపేశాం. ఇప్పుడు ఇవి వెనక్కి పెడితే మిగతా రిపోర్ట్ మొత్తం మీద డౌట్ వస్తుంది. ప్లీజ్, ఎమోషనల్ అవకండి. రేపు మీటింగ్‌లో దీని గురించి మాట్లాడొద్దు."

"మాట్లాడతాను" అని చెప్పే వచ్చాను.

మీటింగు నానక్‌రామ్‌గూడలోనే, పై అంతస్తులో. కిటికీలోంచి చూస్తే కింద పాత ఊరి ఇళ్లు, వాటి మధ్య షేర్ ఆటోలు తిరుగుతున్నాయి. వాళ్ల వైపు నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చారు. మా కోస్తా మనిషే, మాట మర్యాదగా ఉంది. హౌస్‌కీపింగ్ బస్సు స్లైడు రాగానే నేను లేచి నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. ఒకే ఫోన్ సంగతి, ఐదుల సంగతి, క్యాబ్ బిల్లుల సంగతి. మా మేనేజరు టేబుల్ కేసి చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాఫీసరు ఓపిగ్గా విన్నారు. "మీ అనుభవం మీద నాకు గౌరవమేనండి. కానీ మీరొకటి చెప్తున్నారు, మీ కంపెనీ రిపోర్టు ఒకటి చెప్తోంది. నేను దేన్ని నమ్మాలండి?"

అదే సమయానికి ఎవరో కాఫీ ఒలికించారు. తుడవడానికి మనిషిని పిలిచారు. తలుపు తీసుకుని, బట్ట పట్టుకుని వచ్చింది లీడరక్క. నన్ను చూసి కళ్లతోనే పలకరించింది. ఆమె వెనకే వాళ్ల కాంట్రాక్టరు సూపర్‌వైజరు వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదిగో, మంచిదే అయింది. ఈమెనే అడుగుదామండి" అన్నారు ఆయన. "ఏమ్మా, నువ్వు పొద్దున బస్సులోనే వస్తావా?"

"అవు సార్."

"ఎలా ఉంది బస్సు?"

"మంచిగుంది సార్. ఏం తక్లీఫ్ లేదు."

"ఒకవేళ బస్సు లేదనుకో. డ్యూటీకి రాగలవా?"

చేతిలో బట్ట ఆగింది. తలుపు వైపు ఒకసారి చూసింది. "వస్త సార్. ఎట్లనన్న వస్త."

ఇంకేం అంటుంది? రాలేనంటే ఆ గదిలోనే ఉద్యోగం పోతుంది. అది నాకు తెలుసు. తెలిసీ నా నోరు ఊరుకోలేదు. "ఆమె కాల్లో రాడ్ ఉంది సార్. ఆటోల్లో రావడం ఆమె వల్ల కాదు. అడగండి" అన్నాను.

ఆయన నిజంగానే కంగారుపడ్డారు. "కాలు బాగాలేదా అమ్మా? మరి ఇంతసేపు నిలబడి పని ఎలా చేస్తున్నావు?" అంటూ సూపర్‌వైజర్ వైపు చూశారు. సూపర్‌వైజర్ ఆమె కాళ్ల వైపు చూశాడు.

లీడరక్క నవ్వింది. "లేదు సార్, నాకేం కాలే. నా కాలు మంచిగనే ఉంది. మేడం ఇంకెవరినో చూసి నన్ననుకుంటుండ్రు" అంది. టేబుల్ తుడిచేసి, కాలు ఈడ్చకుండా, తిన్నగా, వేగంగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ నడకకి ఆమె ఎంత నొప్పి ఓర్చుకుందో నాకొక్కదానికే తెలుసు.

"చూశారుగా అండి" అన్నారు పెద్దాఫీసరు. ఆ గొంతులో వెటకారం లేదు, నా మీద జాలి ఉంది. తర్వాతి స్లైడుకి వెళ్లారు. నేను కూర్చున్నాను. కింద పాత ఊళ్లో ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ మరుసటి నెల నుంచి బస్సు ఆగిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే నా రిటైర్మెంటు కూడా అయింది. కేకు కోయించి, శాలువా కప్పి, గ్రౌండ్ రియాలిటీ తెలిసిన మనిషి అని పొగిడారు. డేటా చూసే అమ్మాయి ఒక్కతే ఏడ్చింది. ఇంటికొచ్చి ఆ శాలువా బీరువాలో అడుగున పడేశాను.

చాన్నాళ్లకి చందానగర్ మార్కెట్లో టమాటాలు ఏరుకుంటుంటే, "మేడం!" అని కేక వినిపించింది. లీడరక్కే. చిక్కిపోయింది. కాలు ఇప్పుడు దాచకుండానే ఈడుస్తోంది. బస్సు పోయాక కొన్నాళ్లు ఆటోల్లో తంటాలు పడిందట. ఆలస్యమైందని రోజూ సగం పూట జీతం కోసేశారట, చివరికి రావొద్దన్నారట. ఇప్పుడు దగ్గర్లోని అపార్ట్‌మెంట్ ఇళ్లలో అంట్లు తోముతోంది. మిగతావాళ్లు చెల్లాచెదురైపోయారు.

"నాడు నిన్ను అబద్ధాలదాన్ని చేసిన మేడం. మనసుల పెట్టుకోకు. ఏం జేయాలె, వాడు దర్వాజ కాడనే నిలబడె" అంది. నేను ఆమెను క్షమించడమేమిటి?

తర్వాత చేతిసంచీ కింద పెట్టి అడిగింది. "ఒక్కటి మాత్రం సమజ్ కాలే మేడం. ఫోన్ల అంత మంచిగ చెప్తిమి గదా. అందరం ఐదులేస్తిమి. మా మాట విని గూడ ఎట్ల బంద్ చేసిండ్రు? రోజు గదే యాదికొస్తది."

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "వినలేదమ్మా. మీ జవాబులు వాళ్లదాకా పోనేలేదు. అన్నీ ఒకే ఫోన్ నుంచి వచ్చాయని మధ్యలోనే తీసేశారు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మొహం విచ్చుకుంది. ఇన్నాళ్ల నుంచి మోస్తున్న బరువేదో దించేసినట్టు నవ్వింది.

"గట్లనా! అందనే లేదా? నేను ఇన్ని దినాలు, విని గూడ మమ్మల్ని కాదన్నరనుకున్న. అందలేదంటే మళ్ల అడుగుతరు గదా మేడం!"

నేను నోరు తెరిచేలోపే జాకెట్లోంచి ఆ ఫోనే తీసింది. తెర పగిలి ఉంది. ఎవరికో కలిపింది. "ఏయ్, చిన్నీ, మనం చెప్పినయి వాళ్లకు అందలేదంటనే! సర్వే మేడం ఈడనే ఉంది. మళ్ల అడుగుతరంట. ఈపారి ఎవరి ఫోన్ల వాళ్లే జెప్పాలె, ఫోన్ లేనోళ్లు అడుక్కొచ్చుకోండ్రి. అందరికి జెప్పు!"

ఆ బస్సు ఎప్పుడో వేరే ఊరికి అమ్మేశారు. ఆ రిపోర్టు మళ్లీ ఎవరూ తెరవరు. నేను రిటైరైన మనిషిని. ఇవన్నీ ఆమెకి చెప్పాలి. నోటి దురుసుదాన్నని పేరు తెచ్చుకున్న నేను, ఆ మార్కెట్ మధ్యలో తల వంచుకుని మళ్లీ టమాటాలు ఏరడం మొదలుపెట్టాను.

ఆమె సంచీ ఎత్తుకుని, కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"లింకు జర తొందరగ పంపు మేడం. ఛార్జింగ్ పెట్టి ఉంచుత."